తడి రాయి

శనివారం పొద్దున తొమ్మిది కావస్తోంది. మా వాడు రాయి మొదట్లో మోకాళ్ళ మీద కూర్చుని ఇసుకని వేళ్ళతో తవ్వుతున్నాడు. పైన అంగుళం మందాన పొడిగా ఉంది. దాని కింద ఇసుక రంగు మారింది. ఇంకాస్త లోపలికి పోయి, గుప్పెడు తీసి పిడికిలి బిగించాడు. పిడికిలి విప్పితే ఇసుక జారిపోలేదు, ముద్దలా నిలబడింది. అది నాకు చూపించాడు. కాసేపు ఇద్దరం ఏమీ మాట్లాడుకోలేదు. తర్వాత ఆ ముద్దని నలిపి పారేసి, చేతులు ప్యాంటుకి తుడుచుకుని, "పైన ఎండిపోయిందిలేప్పా, ఎక్కేద్దాం" అన్నాడు.

మేం ఆ రోజు ఎక్కలేదు. ఎక్కకపోవడమే సరైన పని అని అప్పుడూ అనుకున్నాను, ఇప్పుడూ అనుకుంటున్నాను. కానీ సరైన పని చేశాక మనసు తేలికపడుతుంది అంటారే, అది మాత్రం జరగలేదు. ఎందుకు జరగలేదో రాసుకుంటూ పోతే తెలుస్తుందేమోనని ఇది.

*

లాస్ వేగస్ అంటే మనవాళ్ళకి గ్రాండ్ కాన్యన్ చూడ్డానికి పోతూ ఒక రాత్రి ఆగే ఊరు. నేను ఇక్కడ నాలుగేళ్ళుగా ఉంటున్నాను. దీపాల వీధి నుంచి పడమరగా 17 మైళ్ళు పోతే రెడ్ రాక్ కాన్యన్ వస్తుంది. ఊరు ఎక్కడ అయిపోయిందో తెలిసే లోపే ఎదురుగా ఎర్రటి గోడ. 1990 నుంచి అది జాతీయ సంరక్షణ ప్రాంతం. ఫెడరల్ ప్రభుత్వ భూములు చూసే బి.ఎల్.ఎమ్. అనే సంస్థ దాని బాగోగులు చూస్తుంది. లోపల 13 మైళ్ళ వన్-వే రోడ్డు. దాని పక్కనే ఎర్ర గుట్టలు, జాషువా చెట్లు, యక్కా పొదలు. అదృష్టం బాగుంటే పెద్దకొమ్ముల అడవిగొర్రెలు కూడా కనిపిస్తాయి.

ఆ రాయి ఒకప్పుడు ఇసుక తిన్నె. సుమారు 18 కోట్ల ఏళ్ళ క్రితం ఇక్కడంతా తిన్నెలు నడిచే ఎడారి. ఆ తిన్నెలే ఒకదాని మీద ఒకటి పడి, అణిగి, గట్టిపడి ఇసుకరాయి అయ్యాయి. కాలికో గుట్టల్లో రాతి మీద ఏటవాలు గీతలు కనిపిస్తాయి. అవి అప్పటి గాలి ఏ దిక్కు నుంచి వీచిందో చెప్పే గీతలు. ఇనుము తుప్పు పట్టిన చోటల్లా ఎరుపు. ఆ ఎరుపు మీద ఇంకోచోట నుంచి వచ్చిన బూడిదరంగు సున్నపురాయి ఎక్కి కూర్చుని ఉంటుంది. వయసులో అది ఇసుకరాయి కంటే చాలా పెద్దది, 50 కోట్ల ఏళ్ళ పైమాట. భూమి లోపలి ఒత్తిడికి పగులు వెంట జారుకుంటూ వచ్చి పిన్నదాని నెత్తినెక్కింది. మొదటిసారి ఈ సంగతి విన్నప్పుడు మా ఇంట్లో పెద్దమనుషులు గుర్తొచ్చి నవ్వుకున్నాను.

ఇసుకరాయికి ఒక బలహీనత ఉంది. ఇసుక గింజల్ని పట్టి ఉంచే బంధం నీటికి మెత్తబడుతుంది. చూడ్డానికి ఏ తేడా ఉండదు. వాన వెలిశాక రెండు గంటల్లో పైపొర ఎండిపోతుంది, ఎండ పడితే వెచ్చగా కూడా ఉంటుంది. లోపల మాత్రం తడి రోజుల తరబడి ఉంటుంది. అప్పుడు దాని మీద మనిషి బరువు వేస్తే, చేతికి దొరికిన పట్టు ఊడి చేతిలోకి వస్తుంది. అందుకని ఇక్కడ ఎక్కేవాళ్ళందరూ పాటించే కట్టుబాటు ఒకటుంది: వాన పడ్డాక 24 నుంచి 72 గంటలు రాయి జోలికి పోకూడదు. ఎండ తగలని లోయల్లో అయితే ఇంకా ఎక్కువే ఆగాలి. అనుమానం ఉంటే రాయి మొదట్లో నేల తవ్వి చూడాలి. నేల తడిగా ఉంటే రాయి కూడా తడిగా ఉన్నట్టే.

ఆగమని బి.ఎల్.ఎమ్. వాళ్ళూ చెప్తారు. కానీ ఆ గోడ దగ్గర నిలబడి చూసే పోలీసు లేడు, చలానా రాసేవాడు లేడు. మన వేళ్ళూ మన బుద్ధీ తప్ప అక్కడ ఇంకేం ఉండదు.

*

మా వాడిది జమ్మలమడుగు. ఇంజనీరింగ్‌లో నా రూమ్మేట్. గండికోట అంచుల మీద కాళ్ళు వేలాడేసి కూర్చుని పెరిగినవాడు. కింద పెన్నా, ఇటూ అటూ ఎర్రటి రాతి గోడలు. న్యూజెర్సీలో ఏడేళ్ళు ఉద్యోగం చేశాడు. ఇండోర్ జిమ్‌లో రంగురంగుల ప్లాస్టిక్ పట్టుల మీద ఎక్కడం నేర్చుకుని, వారానికి మూడు రాత్రులు అక్కడే గడిపేవాడు. ఫోన్‌లో వాల్‌పేపర్ మూడేళ్ళుగా ఒకటే: రెడ్ రాక్‌లో క్లౌడ్ టవర్ అనే గోపురం మీద నిలువునా పోయే రూటు, క్రిమ్సన్ క్రిసాలిస్. 1979లో హోర్హే, జోయాన్ ఉరియోస్టే దంపతులు మొదటిసారి ఎక్కిన రూటు అది. దాదాపు వెయ్యి అడుగులు. మరీ కష్టమైనది కాదు. మావాడిలాంటి, నాలాంటి మామూలు మనుషులు కూడా ఓపికుంటే ఎక్కగలిగినది. అందుకే దానికంత పేరు.

ఫిబ్రవరిలో వాడి ఉద్యోగం పోయింది. హెచ్-1బి మీద ఉన్నవాళ్ళకి ఉద్యోగం పోతే 60 రోజుల గడువు ఉంటుంది. ఆ లోపల ఇంకొకరు తీసుకోవాలి, లేదంటే సర్దుకోవాలి. వాడు వేగస్‌లో దిగేనాటికి 41 రోజులు అయిపోయాయి. మిగిలిన 19 రోజుల్లో కారు అమ్మాలి, అపార్ట్‌మెంట్ ఖాళీ చేయాలి, కుక్కర్ దగ్గర్నుంచి మంచం దాకా ఎవరికో ఒకరికి అంటగట్టాలి. అందులోంచి మూడు రోజులు తీసి ఇక్కడికి వచ్చాడు. గురువారం రాత్రి రాక, ఆదివారం రాత్రి పోక.

ఏడాది మొత్తానికి సుమారు నాలుగంగుళాలు పడే ఊళ్ళో ఆ గురువారం సాయంత్రం వాన పడింది. ఎయిర్‌పోర్టులో వాడు తడుస్తూ నవ్వుతూ వచ్చి, "వానొచ్చే శకునం మంచిదేలేప్పా" అన్నాడు. రాయలసీమ మనిషి, వాన పడితే ఇంకేం అంటాడు. నాకు అప్పుడే గుండె జారింది. శుక్రవారం అంతా ఇంట్లో కూర్చుని కిటికీలోంచి కొండల వైపు చూశాం. శనివారం ఆరింటికి గేటు తెరవగానే లోపలికి పోయి, రెండు గంటలు జూనిపర్ లోయలోకి నడిచి, నీడలో ఉన్న ఆ గోపురం కాళ్ళ దగ్గరికి చేరాం. ఇసుక తవ్వింది అక్కడే.

*

మావాడు వాదనలో గట్టివాడు. తాడు భుజాన వేసుకునే మాట్లాడాడు.

"బోల్టులుండాయి. పడినా చావం."

బోల్టు కొట్టింది కూడా ఆ రాయిలోకే కదరా, రాయి మెత్తబడితే బోల్టు ఏం పట్టుకుంటుంది అన్నాను. కానీ ఈ సంభాషణ ప్రాణభయం గురించి కాదని ఇద్దరికీ తెలుసు. వాడికి ప్రాణం మీద ఆ పూట అంత లెక్కలేదు, నాకది ఇంకో భయం. వాడు రెండో మాట ఎత్తుకున్నాడు.

"వేలమంది ఎక్కినారు దీన్ని. ఇద్దరం ఎక్కితే కొత్తగా ఏమైపోతాది?"

పాత వడ్లకుప్ప చిక్కే ఇది. ఒక్క గింజ తీస్తే కుప్ప కుప్పగానే ఉంటుంది. ఇంకో గింజ తీసినా అంతే. ఏ గింజ తీసినవాణ్ణీ కుప్పని మాయం చేశావు అని పట్టుకోలేం. అయినా చివరికి కుప్ప ఉండదు. తప్పంతా అందరి మధ్యా పంచుకుపోతే ఒక్కొక్కరి వాటా సున్నా అయినట్టే అనిపిస్తుంది. కానీ పట్టు విరిగినప్పుడు అది సగటున విరగదు. ఒకానొక రోజు, ఒకానొక మనిషి చేతిలో విరుగుతుంది. ఆ మనిషికి పేరుంటుంది.

మూడోది అసలైన ప్రశ్న. "ఈ లోయ ఎట్ట పుట్టింది? వాన కొట్టి, గాలి కొట్టి, రాళ్ళు ఇరిగి పడితేనే కదా. రోజూ ఇరుగుతానే ఉండాది. వాన ఇరిస్తే అందం, నేను ఇరిస్తే పాపమా?"

దీనికి వెంటనే ఏం చెప్పాలో తెలియలేదు. ఇప్పుడైతే ఇలా చెప్తాను: మనుషులంతా ఎలాగూ పోతారు, అంతమాత్రాన ఒకణ్ణి తోసెయ్యడానికి అనుమతి దొరకదు. ఏదైనా ఎలాగూ పోతుందన్న నిజం, దాన్ని నేను పోగొట్టవచ్చు అన్న హక్కుగా మారదు. వానకి ఆగడం తెలీదు కాబట్టి వానని ఏమీ అనం. నాకు తెలుసు. ముద్దయిన ఇసుక నా కళ్ళముందే ఉంది.

ఆ పూట ఇదంతా చెప్పలేదు. వాడు అడిగిన ఆఖరి మాటకి గొంతు పట్టేసింది. "ఎవరు చూస్తాండారప్పా?"

*

ఎవరూ చూడనప్పుడు నేనేం చేశానో చెప్పాలి.

రెండేళ్ళ క్రితం, అప్పుడే ఎక్కడం నేర్చుకుంటున్న రోజుల్లో, వాన పడిన మర్నాడు మధ్యాహ్నం కాలికో గుట్టల్లో ఒక చిన్న రూటు ఎక్కాను. కట్టుబాటు తెలియక కాదు. తెలుసు. రాయి ఎండగా, వెచ్చగా ఉంది. ఆ వారమంతా ఆఫీసులో నలిగి ఉన్నాను. ఇదొక్కటే నా సెలవు అనుకున్నాను. నలభై అడుగుల ఎత్తులో, అరచేతి మందాన ఉన్న రాతి రెక్క ఒకటి కుడిచేతికి దొరికింది. లాగాను. శబ్దం కూడా పెద్దగా రాలేదు, అప్పడం విరిగినట్టు. ఆరేడు అడుగులు పడి తాడుకి వేలాడాను. కింద తాడు పట్టుకున్న స్నేహితురాలు అంతకు నిమిషం ముందు నీళ్ళ సీసా కోసం పక్కకి జరిగింది. ఆమె నిలబడ్డ చోట ఆ రెక్క పడి మూడు ముక్కలైంది.

ఇద్దరం వణుకుతూ సామాన్లు సర్దుకుని వచ్చేశాం. ఆ వణుకు రెండు రోజుల్లో పోయింది. పోనిది వేరే ఉంది. రెండు వారాల తర్వాత అక్కడికే వెళ్తే, ఇద్దరు ముసలివాళ్ళు, భార్యాభర్తలు అనుకుంటాను, ఆ రూటు కింద నిలబడి పైకి చూస్తున్నారు. "ఇక్కడొక మంచి పట్టు ఉండేది, ఏమైందో తెలుసా?" అని నన్ను అడిగారు. వాళ్ళు దాన్ని ఏళ్ళ తరబడి ఎక్కుతున్నారట. నేను ఒక్క క్షణం ఆలోచించి, "ఏమో, తెలీదండీ" అన్నాను.

ఆమె మళ్ళీ ప్రయత్నించింది. ఆ పట్టు లేని చోట చేయి చాలలేదు. నవ్వుకుంటూ దిగిపోయింది. "నా వయసైపోయింది" అంది. వయసు కాదు, ఆ పట్టు విరిచింది నేను. ఆ మాట అనడానికి నాకు నోరు రాలేదు.

ఎవరికి తప్పు చేశాను అని తర్వాత చాలాసార్లు అడుక్కున్నాను. రాయికా? రాయికి నొప్పి లేదు. చట్టానికా? ఏ చట్టమూ మీరలేదు. స్నేహితురాలి తల మీద పడి ఉంటే లెక్క తేలికగా తేలేది, కానీ పడలేదు. పడని రాయికి శిక్ష ఉండదు.

1973లో రిచర్డ్ రౌట్లీ అనే తత్వవేత్త ఒక ఊహ ముందుపెట్టాడు. తర్వాత సిల్వన్ అని పేరు మార్చుకున్నది ఈయనే. లోకంలో మిగిలిన చివరి మనిషి ఒకడున్నాడనుకుందాం. వాడి తర్వాత ఇంకెవరూ లేరు, రారు. పోయేముందు వాడు చేతనైనంతవరకూ ప్రతి ప్రాణినీ, ప్రతి చెట్టునీ నాశనం చేసుకుంటూ పోతే, ఆ పని తప్పా? ఏ మనిషికీ నష్టం లేదు. అయినా మనలో చాలామందికి అది తప్పనే అనిపిస్తుంది. అలా అనిపిస్తే, తప్పొప్పులన్నీ మనుషుల లాభనష్టాల దగ్గరే మొదలై అక్కడే ఆగిపోవు అన్నది ఆయన వాదన.

నాకు ఈ ఊహ ఇష్టం. కానీ నా సంగతికి సరిగ్గా అతకదు. ఆయన మాట్లాడింది ప్రాణమున్న వాటి గురించి. పైగా నేను చివరి మనిషిని కాదు. ఆ ముసలావిడ రెండు వారాల్లో వచ్చింది. ఆమె తర్వాత ఇంకెవరో వస్తారు, ఇంకా పుట్టనివాళ్ళు కూడా వస్తారు. రాయి ఎవరిదీ కాదు కాబట్టి నాది అనుకుని ఎక్కాను. ఎవరిదీ కాదు అంటే రాబోయే వాళ్ళందరిదీ అని అర్థం. నేను విరిచింది అక్షరాలా ఆమె చేతికి అందాల్సిన పట్టు. ఇంకా ఘోరం, జరిగింది ఏమిటో తెలుసుకునే హక్కు కూడా ఆమెకి ఇవ్వలేదు. తన ఒంటి మీద తనకి అనుమానం పుట్టించి పంపించాను. ఇప్పుడు వెనక్కి తిరిగి చూస్తే, రాయి విరిచిన తప్పు కంటే ఆ "ఏమో" పెద్ద తప్పు.

*

చట్టం చెప్పకుండా మనుషులు తమంతట తాము ఆగిన సందర్భాలు ఈ ఆటలో ఉన్నాయి. ఒకప్పుడు రాతి పగుళ్ళలో ఉక్కు మేకులు సుత్తితో దిగగొట్టి, పని అయ్యాక మళ్ళీ కొట్టి ఊడబీకేవాళ్ళు. యోసెమిటీలో అలా కొట్టీ కొట్టీ గ్రానైట్ పగుళ్ళు గుంటలు పడ్డాయి. ఆ మేకులు తయారుచేసి అమ్మిన ఇవాన్ షునార్డే 1972 నాటి తన సామాన్ల కేటలాగులో వాటిని వదిలేయమని చెప్పాడు. సుత్తి అక్కర్లేకుండా పగుల్లో చేత్తో ఇరికించి, చేత్తో తీసుకునే అల్యూమినియం ముక్కల్ని వాడమన్నాడు. అప్పటికి ఆయన వ్యాపారంలో పెద్ద భాగం ఆ మేకులే. జర్మనీలో డ్రెస్డెన్ దగ్గర ఎల్బ్ నది ఒడ్డున ఇసుకరాతి గోపురాలున్నాయి. అక్కడ ఇలాంటి ఇనప సామాన్లు కూడా నిషిద్ధం. గుడ్డ పట్టీలకి ముళ్ళు వేసి పగుళ్ళలో ఇరికిస్తారు. తడి రాయి ఎక్కకూడదన్నది అక్కడ గట్టి నియమం.

ఇవి చదివినప్పుడల్లా నాకు గర్వంగా ఉండేది, నేనూ ఈ మంచి మనుషుల జట్టులో ఉన్నానని. ఆ గర్వంతోనే ఆ శనివారం మావాడికి ఇదంతా చెప్పాను. షునార్డ్ కథ చెప్పాను, జర్మనీ కథ చెప్పాను. నా "ఏమో" కథ మాత్రం చెప్పలేదు.

వాడు ఓపిగ్గా విన్నాడు. తాడు సంచిలో కుక్కి, దారి పట్టాడు. అరగంట నడిచాక, వెనక్కి తిరక్కుండానే అన్నాడు.

"నువ్వు ఈడుంటావు. నేను పోతాండా."

నాకు మొదట అర్థం కాలేదు.

"నీకు ఈ రాయి వచ్చే శనివారమూ ఉంటాది. ఆపై శనివారమూ ఉంటాది. అందుకే నీతి పలుకుతాండావు. నాకు వచ్చే శనివారం లేదు."

నేను నోరు తెరిచేలోగా ఇంకో మాట. "మణికొండలో మీ అమ్మానాన్న ఉండే అపార్ట్‌మెంట్ ఏం పేల్చి కట్టినారు?"

*

మా ఇంటి చోట ఏముండేదో వాడికి నేనే చెప్పాను, కాలేజీలో. నా చిన్నప్పుడు అటువైపు అంతా గుండ్లు. ఒకదాని మీద ఒకటి ఎవరో పేర్చినట్టుండే గ్రానైట్ గుండ్లు. హైదరాబాద్ రాయి వయసు 250 కోట్ల ఏళ్ళు అంటారు. దానిముందు రెడ్ రాక్ నిన్న మొన్న పుట్టిన పిల్ల. నేను మొదట ఎక్కింది తాడుతో కాదు, హవాయి చెప్పులతో, అలాంటి ఒక గుండు మీదికి. తర్వాత ఔటర్ రింగ్ రోడ్డు వచ్చింది, ఐటీ కంపెనీలు వచ్చాయి. మధ్యాహ్నం రెండింటికి సైరన్ మోగేది, తర్వాత 'ధన్'మని పేలుడు, కిటికీ అద్దాలు వణికేవి. 1996లోనే ఆ ఊళ్ళో రాళ్ళని కాపాడండి అంటూ 'సొసైటీ టు సేవ్ రాక్స్' మొదలైంది. కొన్నిటిని కాపాడగలిగారు కూడా. మా వైపు గుండ్లు ఆ కొన్నిట్లో లేవు. వాటి చోట లేచిన అపార్ట్‌మెంట్‌లో మూడో అంతస్తులో మా నాన్న రిటైర్మెంట్ డబ్బుతో ఫ్లాట్ కొన్నాడు. గృహప్రవేశానికి నేను సంతోషంగా పాలు పొంగించాను.

అంటే, నా సొంత ఊళ్ళో కొండకి కొండే పోతే దాని మీద ఇల్లు కట్టుకున్నవాణ్ణి, ఇక్కడ వేలెడు రాతి రెక్క కోసం స్నేహితుడికి ఉపన్యాసం ఇస్తున్నాను.

దీనికి సులువైన జవాబొకటుంది: అక్కడ తప్పు చేశాం కాబట్టి ఇక్కడా చేయాలా? తర్కం ప్రకారం ఆ జవాబు సరైనదే. కపటి నోట వచ్చినా నిజం నిజమే. కానీ వాడు అడిగింది తర్కం గురించి కాదు. కట్టుబాటు ఖరీదు ఎవరు కడుతున్నారు అని అడిగాడు. శనివారం ఎక్కకపోతే నాకు పోయేది ఒక శనివారం. వాడికి పోయేది మూడేళ్ళ వాల్‌పేపర్. ఇద్దరికీ నియమం ఒకటే, బిల్లు ఒకటి కాదు. ఆ తేడా చూడకుండా "నియమం అందరికీ సమానమేరా" అంటే అది సగం నిజమే అవుతుంది.

ఇది రాళ్ళకే పరిమితం కాదు. అడవి కాపాడాలి అని ఊళ్ళో కూర్చున్నవాడు అంటే, పోవాల్సింది అడవిలో ఉన్నవాడి ఇల్లు. వీసా నియమం నియమమే అని పౌరసత్వం వచ్చినవాడు అంటే, పెట్టె సర్దుకునేది ఇంకొకడు. వాడి 60 రోజుల విషయంలో నేనూ ఒకసారి "ఏం చేస్తాం, రూల్ అది" అనేశాను ఫోన్‌లో. ఆ మాట వాడికి ఎలా వినపడి ఉంటుందో అప్పుడు కాదు, ఈ లోయలో నడుస్తూ వాడి వీపు చూస్తున్నప్పుడు తెలిసింది.

అయితే ఎక్కాల్సిందా? ఎన్నిసార్లు అడుక్కున్నా, లేదు అనే వస్తుంది. ఎందుకంటే ఆ ముసలావిడ కూడా ఉంది. ఆమెకి ఎన్ని శనివారాలు మిగిలాయో నాకు తెలీదు. "నాకు ఇదే ఆఖరు" అన్నది ఒక్కడి దగ్గర ఒప్పుకుంటే, దూరం నుంచి వచ్చిన ప్రతివాడికీ ఇదే ఆఖరు. ఎవరి బాధా అబద్ధం కాదు. అందుకే నియమం ఆ బాధల్ని తూచకుండా నేలని తవ్వి చూడమంటుంది. అందులో ఒక కఠినత్వం ఉంది, ఒక న్యాయం కూడా ఉంది. కానీ ఆ కఠినత్వాన్ని ఎదుటివాడికి చెప్పేవాడు, ముందు తన పుస్తకం విప్పి చూపించాలి. నేను చేయనిది అదే.

కారు దగ్గరికి వచ్చాక చెప్పాను. రాతి రెక్క, మూడు ముక్కలు, ముసలావిడ, "ఏమో". మొత్తం చెప్పాను. వాడు కారు డిక్కీ మీద కూర్చుని విన్నాడు. చివరికి, "ఇది ముందే చెప్పింటే ఇంత గలాటా ఎందుకప్పా?" అన్నాడు. "షునార్డూ గినార్డూ అని తిప్పి తిప్పి చంపినావు. నువ్వు ఇరిచినావని చెప్తే ఎక్కుంటానా నేను?"

*

మధ్యాహ్నం విల్లో స్ప్రింగ్స్ వైపు నడిచాం. అక్కడ ఒక రాతి మీద ఎర్రటి చేతి ముద్రలుంటాయి. ఈ నేల మీద తరతరాలుగా బతికిన సదరన్ పైయూట్ ప్రజలవీ, వాళ్ళకంటే ముందువాళ్ళవీ గుర్తులు ఈ లోయల్లో చాలాచోట్ల ఉన్నాయి. కిత్తనార జాతి మొక్క దుంపల్ని కాల్చుకున్న రాతి గుంటలు కూడా ఉన్నాయి. ఆ చేతి ముద్రల్ని తాకకూడదు, మన చేతి జిడ్డు రంగుని తినేస్తుంది. మావాడు జానెడు దూరంలో గాలిలో తన చెయ్యి పెట్టి కొలుచుకున్నాడు. "నా చెయ్యి కన్నా చిన్నది" అన్నాడు. చాలాసేపు అలాగే నిలబడ్డాడు. ఏం ఆలోచిస్తున్నాడో అడగలేదు.

ఆదివారం ఊరి వాయవ్యాన ఉన్న లోన్ మౌంటెన్‌కి తీసుకెళ్ళాను. అది సున్నపురాయి, వానకి ఇసుకరాయిలా మెత్తబడదు. వానొస్తే ఇక్కడివాళ్ళు చేసే పని అదే. నాలుగు చిన్న రూటులు ఎక్కాం. ఒకవైపు ఇళ్ళ కప్పులు, కింద పార్కులో పిల్లల పుట్టినరోజు పాటలు. "బిర్యానీ అని పిలిచి ఉప్మా పెట్టినావు" అన్నాడు. అన్నాడు కానీ నాలుగూ ఎక్కాడు. రాత్రి ఎయిర్‌పోర్టులో తన పాత హార్నెస్ నాకిచ్చి, "ఆడ నాకెందుకు" అన్నాడు. అది నాకు సరిపోదని ఇద్దరికీ తెలుసు. తీసుకున్నాను.

తర్వాత వారం కాలికో గుట్టలకి వెళ్ళాను. నేను విరిచిన చోటు కింద నుంచే కనిపిస్తుంది. ఎడారి రాళ్ళ మీద మాంగనీసు, ఇనుము, బంకమట్టి కలిసి నల్లటి పలచని పూత పడుతుంది. డెజర్ట్ వార్నిష్ అంటారు. అది పట్టడానికి వేల ఏళ్ళు కావాలి. నేను విరిచిన చోట ఆ పూత లేదు, లేత గులాబీ రంగు మచ్చ ఉంది. నా జీవితకాలంలో అది నల్లబడదు. ఆ రూటు కింద ఇప్పుడెవరైనా కనిపిస్తే, అడగకపోయినా చెప్తున్నాను, ఆ మచ్చ నాదేనని. ఒకరిద్దరు వింతగా చూశారు. ఒకాయన మాత్రం, నేనూ ఒకటి విరిచాను, అదిగో ఆ పక్క గోడ మీద అని చూపించాడు. ఆ ముసలావిడ మళ్ళీ కనపడలేదు.

క్రిమ్సన్ క్రిసాలిస్ మాత్రం ఎక్కలేదు. ఏప్రిల్‌లో రెండుసార్లు రమ్మన్నారు. ఏదో ఒకటి చెప్పి తప్పించుకున్నాను. మొన్న మావాడు జమ్మలమడుగు నుంచి ఫోన్ చేశాడు. అక్కడే ఉండి ఏదో రిమోట్ పని చూసుకుంటున్నాడట. అడగనే అడిగాడు. ఎక్కలేదురా అన్నాను. కాసేపు అవతల చప్పుడు లేదు.

"అదేం లెక్కప్పా? నేను ఎక్కలేదని నువ్వూ ఎక్కకపోతే, ఆ రాయిని ఎవురి కోసం మిగిలిచ్చినట్టు?"

దీనికి నా దగ్గర జవాబు లేదు. శనివారం వెళ్తున్నాను. మూడు వారాలుగా వాన లేదు. అయినా ముందు నేల తవ్వి చూస్తాను.